ఒక్క గ్రాము బరువు

అనంతపురము సీమలో ఏడాదికి కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా నుండును. నైరృతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనములు ఇంత దూరము వచ్చునప్పటికి నీరసించిపోవును. అందుచే ఈ పీఠభూమి మబ్బును చూచినంతగా వానను చూడదు. ఇక్కడి రైతు ఆకాశముకంటె బావినే ఎక్కువగా నమ్ముకొనుటకు కారణమిదియే. మొదట కపిల యుండెడిది. ఎద్దులు వాలు బాటలో దిగుచుండ నీటి బాన పైకి వచ్చెడిది. తరువాత ఆయిలింజను వచ్చెను. దాని వెనుక కరెంటు మోటారు వచ్చెను. నేడు వందల అడుగుల లోతున, బోరుబావిలో మునిగియుండియే నీటిని పైకి త్రోయు మోటార్లు పనిచేయుచున్నవి.

ఆయిలింజను పనిచేయగా చూచినవారికి ముందుగా దాని చప్పుడు జ్ఞప్తికి వచ్చును. ఇరుప్రక్కల రెండు బరువైన చక్రములు, నడుమ ఒకే ఒక సిలిండరు, క్రింద సిమెంటు దిమ్మె, ఆ దిమ్మెలోనికి దిగవేసిన లావుపాటి బోల్టులు. ఇంత కట్టుదిట్టము చేసినను, ఆ దిమ్మెపై నీళ్ల చెంబు నుంచినచో నీటిమీద వలయములు ఒకదాని వెంట ఒకటి లేచుచునే యుండును. నాలుగడుగుల దూరమున నిలిచినవాని అరికాలికి కూడ ఆ అదురు తెలియును. ఈ అదురు ఎక్కడినుండి పుట్టినది? లోపల నూనె మండుటవలన అని పెక్కుమంది తలంతురు. అది కొంతవరకే నిజము. అదురునకు ముఖ్య కారణము తూకములో నున్నది.

ఈ సంగతి తెలిసికొనుటకు ఇంజను అక్కరలేదు, సైకిలు చాలును. సైకిలును తలక్రిందులుగ నిలిపి ముందు చక్రమును మెల్లగ త్రిప్పి విడిచినచో, అది తిరిగి తిరిగి, ఆగబోవునప్పుడు కొంచెము వెనుకకు ఊగి, ఒక నిర్ణీతమైన చోటు క్రిందికి వచ్చునట్లుగ నిలుచును. ఎన్నిసార్లు త్రిప్పినను ఆ చోటే క్రిందికి వచ్చును. అక్కడ చక్రము బరువు హెచ్చుగా నున్నదన్నమాట. గాలి కొట్టు వాల్వు గాని, వెలుగును తిప్పికొట్టు ఎఱ్ఱని బిళ్ల గాని ఆ ప్రక్కన ఉండి యుండవచ్చును. దానికి సరిగా ఎదుటి వైపున చిన్న సీసపు ముక్కను చుట్టినచో చక్రము ఎక్కడ విడిచిన అక్కడనే నిలుచును. తూకము కుదిరినదనుటకు ఇదియే గుర్తు.

సైకిలు చక్రమునకు ఈ కొద్దిపాటి తేడా లెక్కలోనిది కాదు. వేగము హెచ్చినప్పుడే చిక్కు వచ్చును. తాటికి రాయి కట్టి గిరగిర త్రిప్పినచో చేతిని లాగు బలము అందరికిని తెలిసినదే. దీనిని అపకేంద్ర బలమందురు. వేగము రెండింతలైనచో ఈ బలము రెండింతలు కాదు, నాలుగింతలగును. వేగము మూడింతలైన తొమ్మిదింతలు, పదింతలైన నూరింతలు. ఈ ఒక్క నియమమును మరువకున్నచో ఇక ముందు చెప్పబోవునదంతయు తేట తెల్లమగును.

ఇరుసు మధ్యనుండి 50 మిల్లీమీటర్ల దూరమున ఒక గ్రాము బరువు అదనముగా నున్నదనుకొందము. రెండు వేరుసెనగ పప్పుల బరువు రమారమి ఒక గ్రాముండును. ఇరుసు నిమిషమునకు 600 చుట్లు తిరిగినప్పుడు ఆ ఒక్క గ్రాము 20 గ్రాముల బరువంత బలముతో ఇరుసును లాగును. పాతకాలపు బావి ఇంజను వేగము ఇంచుమించుగా ఇంతియే, అనగా 650 చుట్లు. కరెంటు మోటారు వేగమైన 3,000 చుట్ల దగ్గర అదే గ్రాము అర కిలో బలమగును. 18,000 చుట్ల దగ్గర 18 కిలోలకు మించును. పైగా ఈ లాగుడు ఒక దిక్కునకే కాదు. ఇరుసుతోపాటు ఆ బలము కూడ తిరుగుచు, సెకనుకు 300 సారులు అన్ని దిక్కులకును లాగును. రెండు పప్పు గింజలు బేరింగుపై అర బస్తా సిమెంటు బరువుకు కొంచెము తక్కువైన బలముతో సమ్మెట వేయుచున్నవన్నమాట.

18,000 చుట్లన్నది లెక్క కొఱకు కల్పించిన సంఖ్య కాదు. ఫార్ములా వన్ కారు పందెములలో 2009 నుండి 2013 వరకు నియమములు అనుమతించిన మేర వేగమదియే. అంతకుముందు 2006లో కాస్వర్త్ సంస్థవారి ఎనిమిది సిలిండర్ల ఇంజను 20,000 చుట్లను అందుకొనెను.

తిరుగు వస్తువుల తూకములో ఇంకొక మెలిక కలదు. సైకిలు చక్రము పలుచనిది. ఇంజనులోని క్రాంకు పొడవైనది. పొడవైన ఇరుసునకు ఒక కొనయందు పైవైపునను, రెండవ కొనయందు క్రిందివైపునను సమానముగ బరువు హెచ్చినదనుకొన్నచో, నిలుకడలో అది సరితూగినట్లే కనబడును. ఎట్లు దొర్లించినను ఎక్కడ విడిచిన అక్కడనే ఆగును. తిరుగనారంభించిన పిమ్మట మాత్రము ఒక కొన ఒక వైపునకు, రెండవ కొన ఎదురు వైపునకు లాగి, ఇరుసును మెలిపెట్టును. కావడి మోయువాడు దీని నెరుగును. ముందు కడవ ఎడమకు, వెనుక కడవ కుడికి ఊగినచో బరువులు సమానమే యైనను బద్ద భుజముపై నిలువదు. కావున పొడవైన ఇరుసుల తూకమును నిలుకడలో చూచిన చాలదు; త్రిప్పి చూడవలయును, రెండు కొనలయందును చూడవలయును.

అందుకై ప్రత్యేక యంత్రములు కలవు. క్రాంకును రెండు ఆధారములపై నుంచి త్రిప్పుదురు. ప్రతి ఆధారము ఎంత అదురుచున్నదో, ఏ క్షణమున అదురుచున్నదో పరికరములు పట్టుకొనును. దానినిబట్టి బరువు ఏ కోణమున, ఎన్ని గ్రాములు హెచ్చినదో యంత్రమే తెలుపును. హెచ్చిన చోట మరతో చిన్న గుంట తొలిచి లోహమును తీసివేయుదురు. తక్కువైన చోట టంగ్‌స్టన్ ముక్కను దిగగొట్టుదురు. ఉక్కుకంటె టంగ్‌స్టన్ దాదాపు రెండున్నర రెట్లు బరువైనది. కొద్ది చోటులో ఎక్కువ బరువు ఇముడును.

ఇంతవరకు తిరుగు భాగముల మాట. పిస్టను తిరుగదు. అది సిలిండరులో క్రిందికి మీదికి పరుగెత్తును. తిరుగుదానిని ఎదుటివైపు బరువుతో సరిచేయవచ్చును గాని, ఎగిరి దిగుదానిని తిరుగు బరువుతో పూర్తిగా సరిచేయుట సాధ్యము కాదు. పిస్టను పైకి త్రోయునప్పుడు దానికి సరియైన బరువు క్రిందికి లాగునట్లు పెట్టవచ్చును. కాని పావు చుట్టు తిరుగగానే ఆ బరువు ప్రక్కకు లాగును. అచ్చట దానిని ఎదిరించునది లేదు. కనుక ఒకే సిలిండరు గల ఇంజనులో పిస్టను బరువునకు సుమారు సగము మేరకే ఎదుటి బరువు వేసి, మిగిలిన అదురును కొంత నిలువుగ, కొంత అడ్డముగ పంచుదురు. బావి గట్టుమీది చెంబులో వలయములు లేపినది ఈ మిగులే. బుల్లెట్టు మోటారు సైకిలు నడుపువారి చేతులకు తెలిసిన అదురును ఇదియే. ఆ సంస్థవారు 2020లో తెచ్చిన మీటియోర్ 350 బండిలో, ఎదురు దిశగా తిరుగు బరువు దండము నొకదానిని చేర్చి దీనిని చాలవరకు అణచిరి.

గుంతకల్లు, గుత్తి స్టేషనులలో పొగబండ్లు తిరిగిన కాలమున ఈ సగము బరువు లెక్కయే రైలు పట్టాలకు శిక్ష యయ్యెను. ఆవిరి ఇంజను పెద్ద చక్రములలో నెలవంక ఆకారమున ఒక బరువుండెడిది. ముందు వెనుకల ఊపును తగ్గించుటకు దానిని పెట్టిరి. అది క్రిందికి వచ్చిన ప్రతిసారియు పట్టాను సుత్తివలె మోదెడిది. ఒక లోపమును కప్పబోయి వేరొక లోపమును తెచ్చుకొనుట యంత్ర నిర్మాణములో క్రొత్తకాదు. తరువాత గుత్తి షెడ్డుకు చేరిన డీజిలు ఇంజనులలో పదునారేసి సిలిండర్లు గలవి యుండెను. పిస్టనులు పెక్కైనచో ఒకదాని ఊపును మరియొకటి తీర్చును.

అట్లయిన నాలుగు సిలిండర్లున్న కారులో రెండు పిస్టనులు పైకి, రెండు క్రిందికి పోవుచుండగా అదురు పూర్తిగా తీరవలయును గదా. తీరదు. పిస్టనును క్రాంకునకు కలుపు కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగ ఒరుగుటయే దీనికి కారణము. క్రాంకు పైనుండి సరిగా పావు చుట్టు తిరుగునప్పటికి పిస్టను సగము దూరము దిగియుండదు. సగము దాటి, నూటికి 56 పాళ్లు దిగియుండును. అనగా పిస్టను పై సగములో త్వరగాను, క్రింది సగములో మెల్లగాను నడచును. రాడ్డు పొడవు క్రాంకు వ్యాసార్ధమునకు నాలుగు రెట్లున్నప్పుడు, పై కొనయందు పిస్టను త్రోయు బలము 5 పాళ్లైన, క్రింది కొనయందు 3 పాళ్లే. రెండు పిస్టనులు పైకి 10 పాళ్లతో త్రోయగా, రెండు క్రిందికి 6 పాళ్లతో త్రోయును. నాలుగు పాళ్లు మిగిలి ఇంజనును ఎగద్రోయును. పావు చుట్టు తరువాత ఇదే మిగులు క్రిందికి త్రిప్పుకొనును. ఇట్లు ఒక్క చుట్టునకు రెండేసి సారులు అదురు పుట్టును. ఇరువదవ శతాబ్ది తొలి ఏండ్లలో లాంచెస్టరు అను ఆంగ్లేయ ఇంజనీరు దీనికి ఉపాయము కనుగొనెను. క్రాంకునకు రెట్టింపు వేగముతో, ఒకదానికొకటి ఎదురుగా తిరుగు రెండు బరువు దండములను చేర్చి ఆ మిగులును అణచెను. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో నున్న ఇంజనునకు ఈ బాధ లేదు. వాని ఊపులు వానిలోనే తీరిపోవును.

పందెపు ఇంజను కట్టువారు లాంచెస్టరు దండములను సాధారణముగ ఇష్టపడరు. అవి బరువు, అవి తిరుగుటకు శక్తి ఖర్చగును. 2006లో ఫార్ములా వన్ నియమములు మారి పది సిలిండర్ల స్థానమున ఎనిమిది సిలిండర్ల ఇంజనులు వచ్చినపుడు, అదురు మునుపటికంటె హెచ్చి నిర్మాతలకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టెను. ఆ ఇంజనులలో క్రాంకు వ్యాసార్ధము సుమారు 20 మిల్లీమీటర్లు. 18,000 చుట్ల వేగమున 250 గ్రాముల పిస్టను పై కొనకు చేరి వెనుదిరుగు క్షణమున దానిని ఆపి క్రిందికి లాగుటకు రెండు టన్నుల బలము కావలయును. పావు కిలో వస్తువు ఆ క్షణమున రెండు టన్నులు తూగుచున్నదనుట అతిశయోక్తి కాదు.

ఇట్టి ఇంజనుకు తూకము ఎంత ఖచ్చితముగ నుండవలయును?

పందెపు ఇంజనులు కట్టు పనివారు పిస్టనులన్నిటిని బంగారపు అంగడిలోని త్రాసువంటి త్రాసులో తూచి, అన్నిటికంటె తేలికైనదానిని వేరుచేసి, మిగిలినవానిని గీకి దానితో సమానము చేయుదురు. కనెక్టింగ్ రాడ్డును మొత్తముగ తూచిన చాలదు. పెద్ద కొన క్రాంకుతో తిరుగును. చిన్న కొన పిస్టనుతో ఎగిరి దిగును. రెండింటి పని వేరు కనుక రెండు కొనలను విడివిడిగా తూచి సరిచేయవలయును. వీనిని ఒక గ్రాములోపు, కొందరు అర గ్రాములోపు సరిపోల్చుదురు. రెండు వరుసలు కోణముగ నుండు ఇంజనులలో, పిస్టను, రాడ్డుల బరువులో తగిన పాలునకు సమానమైన దొంగ బరువులను క్రాంకునకు బిగించి, అటుపిమ్మట తూకపు యంత్రముపై త్రిప్పుదురు.

అర గ్రాము చేసినవారు గ్రాములో నూరవ వంతు ఏల చేయరాదు? చేయవచ్చును, త్రాసునకు ఆ శక్తి కలదు. కాని ఫలితముండదు. నడచుచున్న ఇంజనులో క్రాంకు లోపలి కాలువలలో నూనె ప్రవహించుచుండును. బేరింగులకు, రాడ్డులకు నూనె అంటుకొనియుండును. ఆ నూనె బరువును ఎవ్వరును తూచలేరు. కనుక పనివారు రెండో మూడో గ్రాములని అంచనా వేసి దొంగ బరువులో కలుపుదురు. అంచనాలోనే గ్రాము తేడా యుండగా, ఉక్కును గ్రాములో నూరవ వంతునకు చెక్కుట చెవిటివాని ముందు శంఖమూదుటయే. దీనికి తోడు అంత వేగమున క్రాంకు తానే కొంచెము వంగి మెలితిరుగును. నిలుకడలో సరిగానున్న తూకము పరుగులో అంత సరిగా నుండదు. నేర్పరియైన పనివాడు త్రాసు చూపు అంకెలనన్నిటిని నమ్మడు. ఏ అంకెకు విలువ కలదో ఎరిగి అచ్చట ఆగును.

ఇంకొక సందేహము మిగిలినది. మంట పిస్టనును త్రోయు బలము టన్నులలో నుండగా, ఒక గ్రాము తేడావలన పుట్టు ఏడెనిమిది కిలోల బలము దాని ముందెంత? కాని మంట బలము క్రాంకును ఎంత క్రిందికి త్రోయునో, సిలిండరు తలను అంతే పైకి త్రోయును. ఆ రెండును ఇంజను దేహములోనే పెనగులాడి తీరిపోవును. బయటికి మిగులునది ఇరుసును త్రిప్పు బలము మాత్రమే. తూకము తప్పిన బరువు అట్లు కాదు. దాని బలము లోపల తీరక ఇంజనును, దానిని బిగించిన బోల్టులను, గొట్టములను, తుదకు కారునంతను ఊపును. ఆ ఊపు ఏదో ఒక గొట్టపు సహజ కంపనముతో కలిసినదా, ఇక చెప్పనక్కరలేదు. ఊయలను సరియైన సమయమున చిటికెన వ్రేలితో త్రోసినను అది ఆకాశమున కెగయును. పందెములో నూనె గొట్టము చిట్లుటకును, తీగ తెగుటకును పెక్కుసారులు ఇట్టి చిటికెన వ్రేలే కారణము.

మంటలేని మోటారులో ఈ విషయము ఇంకను తేటపడును. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగరము ఒడ్డున విద్యుత్ కార్ల పందెము జరిగెను. ఫార్ములా ఇ పందెము భారతదేశమున జరుగుట అదియే మొదటిసారి. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలుపొందెను. ఆ కార్లలో పిస్టను లేదు, రాడ్డు లేదు, పేలుడు లేదు. అయస్కాంతముల మధ్య తిరుగు రోటరు ఒక్కటే. కనుక పైన చెప్పిన పిస్టను చిక్కులేవియు లేవు. తిరుగుదానిని సరిచేసిన చాలును. అయినను పని సులువు కాలేదు. వేగముగ తిరుగు ఇట్టి మోటార్లలో రోటరునకును, దానిచుట్టు నున్న నిలకడ భాగమునకును నడుమ సందు బహు స్వల్పము. రోటరు ఊగుటకు అచ్చట చోటు లేదు.

యంత్రములనుబట్టి తూకమునకు అంతర్జాతీయ ప్రమాణములు కలవు. సామాన్యమైన పంపులకు, పంకాలకు ఒక తరగతి. విద్యుత్ మోటార్లకు, టర్బైనులకు అంతకంటె కఠినమైన తరగతి. మిక్కిలి సున్నితమైన సానయంత్రములకు ఇంకను కఠినమైనది. పంపు తరగతి ప్రకారము నిమిషమునకు 2,850 చుట్లు తిరుగు ఇరుసు బరువు కేంద్రము దాని నడిమినుండి 21 మైక్రానులవరకు తొలగియుండవచ్చును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. మోటారు తరగతి ప్రకారము 18,000 చుట్లు తిరుగు రోటరునకు ఈ తేడా మైక్రానుకు పైన మూడవ వంతు దాటరాదు. రోటరు 10 కిలోలున్నచో, 50 మిల్లీమీటర్ల దూరమున పావు గ్రాముకంటె కొంచెము హెచ్చు బరువునకు మాత్రమే అనుమతి. పూర్వము కంసాలులు బంగారమును గురువింద గింజలతో తూచెడివారు. రెండు గురువిందల ఎత్తు పావు గ్రాము.

అనంతపురమునుండి బెంగుళూరు పోవు 44వ జాతీయ రహదారి ప్రక్కన, పెనుకొండ దగ్గర ఎఱ్ఱమంచి యొద్ద కియా కార్ల కర్మాగారమున 2019లో ఉత్పత్తి ఆరంభమయ్యెను. ఏటికి మూడు లక్షల కార్లు చేయునట్లు దానిని నిర్మించిరి. కారు చక్రమునకు పందెపు మోటారంత తూకము అక్కరలేదు. అయినను చక్రపు అంచున 20 గ్రాముల తేడా యున్నచో గంటకు 100 కిలోమీటర్ల వేగమున అది మూడు కిలోలకు మించిన బలమై స్టీరింగును వణకించును. రహదారిపై టైర్ల దుకాణములలో చక్రమును యంత్రముపై త్రిప్పి అంచునకు చిన్న సీసపు లేక ఇనుప బిళ్లలను అంటించుట ఇందులకే.

బోరుబావిలోని మోటారు వేగము పందెపు మోటారు వేగములో ఆరవ వంతైనను లేదు. దాని తూకమునకు గురువిందలు అక్కరలేదు. కాని అది నేలలో వందల అడుగుల లోతున, ఎవ్వరికిని కనబడక తిరుగును. దాని బేరింగులకు నీరే కందెన. నీటిమట్టము దిగిపోయిన ఏట నీటితోపాటు ఇసుక వచ్చును. ఇసుక పంపు చక్రములను ఒక వైపున ఎక్కువ, ఒక వైపున తక్కువ అరుగదీయును. కర్మాగారములో కుదిరిన తూకము అక్కడ తప్పును. తప్పిన తూకము బేరింగును తినును. బేరింగు సడలిన కొలది ఊపు హెచ్చును. హెచ్చిన ఊపు బేరింగును మరింత తినును. తుదకు ఇరుసు బిగిసి తీగచుట్ట కాలిపోవును. పైపులనన్నిటిని ఒక్కొక్కటిగ పైకి లాగి, మోటారును పట్టణమునకు పంపి, చుట్టించి తెచ్చి, మరల దింపునప్పటికి వారము పట్టవచ్చును. చీని చెట్టు కాపునకు వచ్చుటకు నాలుగైదేండ్లు పట్టును. ఏప్రిలు ఎండలలో దానికి ఆ వారము దీర్ఘమైనది.

అందుచేతనే అనుభవముగల రైతులు మోటారు వేయగానే బోరు గొట్టముపై అరచేయి ఆనించి కొంతసేపు నిలుతురు. కొందరు ఇనుప కడ్డీ ఒక కొనను గొట్టమునకు, రెండవ కొనను చెవికి ఆనించి వినెదరు. నిన్నటి మ్రోతకును నేటి మ్రోతకును తేడా తెలిసినచో, తోటకు ఒక తడి పెట్టుకొని, మోటారు కాలకమునుపే పైకి తీయింతురు.